వెడల్పు పాదానికి మినిమలిస్ట్ షూ ఎందుకంత తేలిగ్గా దొరకదు

షూ లోపల పరిచి ఉండే ఇన్‌సోల్‌ని బయటికి లాగి, గచ్చు మీద పెట్టి, దాని మీద నిలబడ్డాను. మడమ చక్కగా కూర్చుంది. బొటనవేలు అంచుకి ఆనుకుని ఉంది. చిటికెన వేలు మాత్రం పూర్తిగా బయట, చల్లటి గచ్చు మీద ఉంది. నాలుగో వేలు సగం లోపల, సగం బయట. ఆ షూతో నేను అప్పటికి నాలుగు నెలలుగా పరిగెడుతున్నాను. పెట్టె మీదేమో పాదానికి పూర్తి స్వేచ్ఛ అని రాసుంది. అయిదో కిలోమీటరు దాటేసరికి మూడో వేలికీ నాలుగో వేలికీ మధ్య తిమ్మిరెక్కేది. ఆగి, లేసులు వదులు చేసుకుని, వేళ్ళు నాలుగుసార్లు ఆడించి మళ్ళీ బయల్దేరేవాణ్ణి. సోల్ పల్చన కదా, అలవాటు పడాలి కాబోలు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

సోల్ పల్చగా ఉండటం వేరు, షూ వెడల్పుగా ఉండటం వేరు. ఇంత చిన్న సంగతి నాలుగు నెలలపాటు తట్టకపోవడానికి కొంత కారణం నా మొద్దుతనం. మిగతాది ‘మినిమలిస్ట్’ అన్న మాటలోనే ఉంది.

మినిమలిస్ట్ అంటే కొలిచేది ఏమిటి

ఈ మాటని ఒక్కో కంపెనీ ఒక్కోలా వాడుతుండటంతో, 2015లో కెనడాలోని లావాల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పూనుకుని 11 దేశాలకు చెందిన 42 మంది నిపుణుల చేత ఒక నిర్వచనం ఒప్పించారు. పాదం సహజంగా కదలడానికి వీలైనంత తక్కువగా అడ్డొచ్చే షూ మినిమలిస్ట్ షూ అని దాని సారాంశం. దాంతోపాటే మినిమలిస్ట్ ఇండెక్స్ అని ఒక కొలబద్ద కూడా తయారుచేశారు. అందులో అయిదు అంశాలున్నాయి: షూ బరువు, స్టాక్ హైట్ అని పిలిచే సోల్ మందం, మడమ కిందా వేళ్ళ కిందా ఉండే ఎత్తుల తేడా, అంటే హీల్ డ్రాప్, చేత్తో మడిస్తే ఎంత వంగుతుందనేది, పాదాన్ని అదుపు చేసే గట్టి ముక్కలు, ఆసరాలు ఎన్ని ఉన్నాయనేది. ఒక్కోదానికి 0 నుంచి 5 దాకా మార్కులు. మొత్తం 25ని నాలుగుతో హెచ్చవేస్తే నూటికి ఎంతో తెలుస్తుంది.

మళ్ళీ ఒకసారి ఆ అయిదూ చదవండి. వెడల్పు ఎక్కడా లేదు. వేళ్ళ దగ్గర షూ ఏ ఆకారంలో ఉండాలనే మాటా లేదు. అంటే చాకులా సన్నగా, ముందు కోసుగా ఉన్న షూ కూడా పల్చగా, తేలిగ్గా, మెత్తగా ఉంటే నూటికి నూరు తెచ్చుకోవచ్చు. పాదం సహజంగా కదలాలన్న నిర్వచనానికీ, ఈ లెక్కకీ మధ్య ఉన్న సందులోనే మన చిటికెన వేలు ఇరుక్కుంది.

దీనికి కొంత చరిత్ర ఉంది. పల్చటి షూస్ రెండు దారుల్లో వచ్చాయి. ఒకటి రేసింగ్ ఫ్లాట్స్ దారి. పోటీల్లో వేసుకునే బరువులేని షూస్ అవి. వేగంగా మలుపు తిరిగినా పాదం లోపల జారకూడదని సన్నగా, బిగుతుగా కుడతారు. వీటిలోంచి పుట్టిన మినిమలిస్ట్ షూకి ఆ సన్నదనం వారసత్వంగా వచ్చేసింది. రెండోది వట్టి కాళ్ళ దారి. పాదం ఆకారాన్ని ముందు పెట్టుకుని, దానికి తొడుగు కుట్టినట్టు చేసేవి. ఒక్కో వేలికీ విడివిడిగా గది ఉండే వైబ్రమ్ ఫైవ్‌ఫింగర్స్ ఈ కోవలోది. 2010లో హార్వర్డ్ శాస్త్రవేత్త డేనియల్ లీబర్‌మన్ బృందం వట్టి కాళ్ళతో పరిగెత్తేవాళ్ళు నేలని ఎలా తాకుతారో వివరిస్తూ నేచర్ పత్రికలో వ్యాసం ప్రచురించాక ఈ గాలి బాగా వీచింది. అప్పుడు రెండు దారుల సరుకూ ఒకే పేరుతో ఒకే అరలోకి చేరింది. 2014లో, ఆరోగ్య ప్రయోజనాల గురించి చేసిన ప్రచారం మీద దాఖలైన దావాలో వైబ్రమ్ 37.5 లక్షల డాలర్లకు రాజీపడింది. ఆ గాలి తగ్గింది గానీ, అరలో కలగాపులగం మాత్రం అలాగే మిగిలింది.

అక్షరాల వెడల్పు, అసలు వెడల్పు

వెడల్పు పాదం అనగానే సాధారణంగా ఇచ్చే సలహా ‘టూ ఈ’ తీసుకో అని. ఈ అక్షరాల వెనక ఒక పరికరం ఉంది. అమెరికాలోని సిరక్యూస్‌లో చెప్పుల దుకాణం నడిపే కుటుంబంలో పుట్టిన చార్ల్స్ బ్రానక్ 1920లలో తయారుచేసిన లోహపు పళ్ళెం అది. పాదం దాని మీద పెడితే మూడు కొలతలు వస్తాయి: మడమ నుంచి వేలి చివరిదాకా పొడవు, మడమ నుంచి బొటనవేలి మొదలు దాకా పొడవు, పాదం వెడల్పు. వెడల్పుకి ఏ, బీ, సీ, డీ, ఈ అని అక్షరాలు. మగవాళ్ళ షూకి డీ మామూలు, ఆడవాళ్ళ షూకి బీ మామూలు. మగవాళ్ళలో టూ ఈ అంటే వెడల్పు, ఫోర్ ఈ అంటే మరీ వెడల్పు. ఆ పళ్ళెం మీద ఒక అక్షరానికీ తర్వాతి అక్షరానికీ తేడా అంగుళంలో పదహారింట మూడు వంతులు, అంటే సుమారు 4.8 మిల్లీమీటర్లు. పొడవులో ఒక సైజుకీ తర్వాతి సైజుకీ తేడా మూడో వంతు అంగుళం, సుమారు 8.5 మిల్లీమీటర్లు.

ఈ పద్ధతిలో రెండు ఇబ్బందులున్నాయి. పళ్ళెం వెడల్పుని కొలిచేది వేళ్ళ మొదళ్ళ దగ్గర, పాదం అడ్డంగా ఉబ్బెత్తుగా ఉండే చోట. వేళ్ళ చివర్లు ఎంత మేర విచ్చుకుంటాయో అది చెప్పదు. కాబట్టి టూ ఈ అని రాసున్న షూ మధ్యలో వెడల్పుగా ఉండి, ముందు మామూలుగానే కోసుదేలి ఉండొచ్చు. రెండోది, కొన్ని వెడల్పు షూలకి సోల్ మారదు. అచ్చులు కొత్తగా పోయించడం ఖర్చు కాబట్టి, పాత సోల్ మీదే పైన గుడ్డ ఎక్కువ పెట్టి కుడతారు. లోపల చుట్టుకొలత పెరుగుతుంది. పాదం నిలబడే నేల మాత్రం పెరగదు.

మినిమలిస్ట్ షూ కొనేవాళ్ళకి ఇంకో చిక్కు. అక్షరాల వారీగా నాలుగైదు వెడల్పుల్లో షూ చేసేది పెద్ద కంపెనీలు. వాటిలో ఎక్కువ భాగం మందపాటి సోల్ ఉన్న మోడళ్ళే. పల్చటి షూస్ మాత్రమే చేసేవి చిన్న కంపెనీలు. షూని ఏ అచ్చు మీద కుడతారో దాన్ని లాస్ట్ అంటారు. ప్రతి వెడల్పుకీ, ప్రతి సైజుకీ ఒక జత లాస్ట్‌లు కావాలి. చిన్న కంపెనీకి అది మోయలేని భారం. అందుకని ఒకే లాస్ట్ పెట్టుకుని, దాన్ని ముందు వైపు కాస్త విశాలంగా చెక్కించి, అందరికీ అదే అంటుంది. ఆ ఒక్క ఆకారం మీ పాదానికి కుదిరితే పండగే. కుదరకపోతే, అందులో ఇంకో వెడల్పు ఉండదు. వెడల్పులు దొరికే చోట పల్చటి సోల్ లేదు, పల్చటి సోల్ దొరికే చోట వెడల్పులు లేవు.

పాదం కొలతనే నేరుగా మిల్లీమీటర్లలో, పొడవూ వెడల్పూ రెండూ రాసే పద్ధతి ఒకటి లేకపోలేదు. మోండోపాయింట్ అంటారు, ఐఎస్ఓ 9407 అనే ప్రమాణం దానిది. స్కీ బూట్లకీ, చాలాచోట్ల సైనికుల బూట్లకీ వాడతారు. రన్నింగ్ షూస్ పెట్టెల మీద మాత్రం పాదం పొడవు సెంటీమీటర్లలో కనబడితే అదే ఎక్కువ.

వెడల్పులో మూడు రకాలు

‘నా పాదం వెడల్పు’ అనే మాటే సరిపోదు. కనీసం మూడు వేర్వేరు పాదాలవాళ్ళు ఆ మాట అంటారు, ముగ్గురికీ కావాల్సిన షూ వేరు.

మొదటి రకం, వేళ్ళ మొదళ్ళ దగ్గర వెడల్పు. పాదం అక్కడ ఎముకలతోనే విశాలంగా ఉంటుంది. వేళ్ళు మాత్రం మామూలుగా దగ్గరదగ్గరగా ఉండొచ్చు. బొటనవేలి మొదట్లో ఎముక బయటికి పొడుచుకొచ్చినవాళ్ళు, చిటికెన వేలి మొదట్లో అలాంటి బొడిపె ఉన్నవాళ్ళు ఈ కోవలోకి వస్తారు. వీళ్ళకి అక్షరాల పద్ధతి పనికొస్తుంది.

రెండో రకం విసనకర్ర పాదం. మడమ సన్నం, మధ్య సన్నం, ముందుకి వచ్చేకొద్దీ విచ్చుకుంటూ పోయి, వేళ్ళ చివర్ల దగ్గరే అన్నింటికంటే వెడల్పు. చెప్పుల్లేకుండా పెరిగినవాళ్ళలో ఇది బాగా కనబడుతుంది. 1905లోనే ఫిల్ హాఫ్‌మన్ అనే అమెరికన్ వైద్యుడు చెప్పులు ఎరగనివాళ్ళ పాదాలనీ, వేసుకునేవాళ్ళ పాదాలనీ పక్కపక్కన పెట్టి పోల్చాడు. పాదాన్ని సన్నబరిచేది తొడుగేనని ఫొటోలతో సహా చూపించాడు. వంద పైచిలుకు ఏళ్ళ తర్వాత, 2009లో వెలువడిన ఒక అధ్యయనం దక్షిణ భారతదేశంలో జీవితమంతా వట్టి కాళ్ళతో నడిచినవాళ్ళ పాదాలు ముందు భాగంలో ఎక్కువ వెడల్పుగా ఉన్నాయనీ, బరువు అరికాలంతా మరింత సమంగా పరుచుకుంటోందనీ చెప్పింది. కాబట్టి విసనకర్ర పాదం లోపం కాదు. నన్నడిగితే మిగతావాళ్ళదే మార్పు చేసిన పాదం. ఈ రకానికి టూ ఈ షూ ఇస్తే వేళ్ళ దగ్గర ఇంకా పట్టేస్తుంది, మడమ దగ్గర మాత్రం లొడలొడలాడుతుంది. వీళ్ళకి కావాల్సింది ఆకారం, అక్షరం కాదు.

మూడో రకం వెడల్పే కాదు, లావు. పైనుంచి చూస్తే పాదం మామూలుగానే ఉంటుంది, పక్కనుంచి చూస్తే మీగాలు ఎత్తుగా ఉంటుంది. షూ విప్పాక మీగాలి మీద లేసుల అచ్చులు ఎర్రగా పడి ఉంటే మీరు ఈ రకం. అన్ని వైపులా బిగుతు అనిపిస్తుంది కాబట్టి వెడల్పు చాలలేదనే అనుకుంటారు. నిజానికి చాలనిది ఎత్తు. వీళ్ళు లేసులు మార్చి కట్టినా, ఇన్‌సోల్ తీసేసినా సగం సమస్య తీరిపోతుంది.

ఒకే పాదంలో రెండు రకాలు కలిసి ఉండటం మామూలే. ఎడమ కాలిదొక రకం, కుడి కాలిదొక రకం కావడమూ మామూలే.

కాగితం మీద పాదం

ఏ రకమో తెలుసుకోవడానికి పది నిమిషాలు చాలు. సాయంత్రం పూట, వీలైతే పరుగు నుంచి వచ్చాక కొలవండి. పొద్దుటి పాదానికీ సాయంత్రం పాదానికీ తేడా ఉంటుంది, పరిగెత్తాక ఇంకాస్త ఉబ్బుతుంది. గట్టి నేల మీద తెల్ల కాగితం పరిచి, పరుగుకి వేసుకునే మేజోళ్ళతోనే దాని మీద నిలబడండి. కూర్చుని గీస్తే లాభం లేదు, బరువు పడితేనే పాదం విచ్చుకుంటుంది. గీసేపని ఇంకొకరికి అప్పజెప్పండి. మీరే వంగి గీసుకుంటే బరువు ఒక పక్కకి ఒరుగుతుంది, గీత తప్పుతుంది. పెన్సిల్ నిటారుగా పట్టాలి. లోపలికి వాలితే పాదం సన్నగా వస్తుంది. వెడల్పు పాదాలవాళ్ళు తమ కొలతని తామే తగ్గించి చూసుకునే తీరు ఇదే.

గీత పూర్తయ్యాక రెండు చోట్ల అడ్డంగా కొలవండి. ఒకటి వేళ్ళ మొదళ్ళ దగ్గర. రెండోది బొటనవేలి బయటి అంచు నుంచి చిటికెన వేలి బయటి అంచు దాకా. మొదటిది ఎక్కువైతే మొదటి రకం, రెండూ ఇంచుమించు సమానంగా ఉన్నా రెండోదే ఎక్కువున్నా విసనకర్ర. నా కుడి పాదానికి మొదటిది 104 మిల్లీమీటర్లు, రెండోది 106. ఎడమది రెండు చోట్లా 102. షూ షాపులో ఎప్పుడూ ఎడమ కాలికే తొడిగి చూసుకునేవాణ్ణని అప్పుడు గుర్తొచ్చింది.

ఆ కాగితం మీదే ఇంకో గీత గీయొచ్చు. పంతొమ్మిదో శతాబ్దంలో జూరిక్‌లో పనిచేసిన శరీర నిర్మాణ శాస్త్రవేత్త హెర్మన్ ఫాన్ మేయర్ పేరు మీద దాన్ని మేయర్ గీత అంటారు. బొటనవేలి మధ్య నుంచి, దాని మొదలు మీదుగా వెనక్కి గీస్తే, ఆ గీత మడమ మధ్యకి చేరాలని ఆయన వాదన. షూ కూడా అలాగే ఉండాలన్నాడు. ఇప్పుడు మీ దగ్గరున్న ఏ షూ సోల్ మీదైనా ఇది ప్రయత్నించండి. చాలావాటికి ముందు కొస పాదం మధ్యలో, రెండో వేలికో మూడో వేలికో ఎదురుగా ఉంటుంది. బొటనవేలికి ఎదురుగా కాదు. అంటే బొటనవేలు లోపలికి ఒరిగితే గానీ ఆ షూలో పట్టదు. ఎంత మెత్తటి గుడ్డతో కుట్టినా కొస మధ్యలో ఉన్న షూ విసనకర్ర పాదానికి పనికిరాదు. వెడల్పు కొలతతో నిమిత్తం లేకుండా పక్కన పెట్టేయొచ్చు.

తర్వాత నేను మొదట చెప్పిన ఇన్‌సోల్ పరీక్ష. ఇన్‌సోల్ ఊడి వచ్చే షూ అయితే తీసి దాని మీద నిలబడండి. వేళ్ళన్నీ లోపలే ఉండాలి, పొడవైన వేలి ముందు చేతి బొటనవేలి గోరు వెడల్పంత ఖాళీ మిగలాలి. పొడవైన వేలు బొటనవేలే కానక్కర్లేదు, రెండో వేలు పొడుగ్గా ఉండేవాళ్ళు చాలామంది. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు నిలబడే అవకాశం లేదు కదా అంటారా? ఇన్‌సోల్ వెడల్పు ఎంతో అడిగితే మిల్లీమీటర్లలో చెప్పే అమ్మకందార్లు ఉన్నారు. అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

పల్చటి షూలో తప్పు ఎక్కువ బాధిస్తుంది

మందపాటి నురగ సోల్‌లో పాదం గిన్నెలో కూర్చున్నట్టు ఉంటుంది. అంచులు పైకి లేచి ఉంటాయి. పాదం కాస్త అటూ ఇటూ అయినా కింద ఏదో ఒకటి ఉంటుంది. పల్చటి షూలో అంచు లేదు. చదునైన సోల్ చుట్టూ గుడ్డ కుట్టి ఉంటుంది, అంతే. పాదం సోల్ కంటే వెడల్పయితే గుడ్డ సాగి, చిటికెన వేలు సోల్ అంచు దాటి గాల్లో వేలాడుతుంది. చదునైన రోడ్డు మీద ఇది తెలియదు. గులకరాళ్ళ దారిలో తెలుస్తుంది. పైగా పాదం వంకరగా పడకుండా బ్యాలెన్స్ చేసే పనిలో చిటికెన వేలికీ వాటా ఉంది. దానికి కింద నేల దొరక్కపోతే ఇక వట్టి కాళ్ళలా పరిగెత్తడమనే మాటకి అర్థమేముంది?

సోల్ పైన పాదాన్ని కప్పే భాగాన్ని అప్పర్ అంటారు. ‘అప్పర్ సాగుతుంది, వారం రోజుల్లో సర్దుకుంటుంది’ అని అమ్మేవాళ్ళు చెప్పే మాటని ఇక్కడే అనుమానించాలి. అల్లిక గుడ్డ సాగుతుంది, నిజమే. సోల్ సాగదు. మీ పాత షూ ఒకటి తీసి చిటికెన వేలి దగ్గర చూడండి. గుడ్డ అక్కడే పల్చబడి చిల్లు పడిందా? సోల్ అంచు మీదుగా గుడ్డ బయటికి పొర్లి, కుట్టు దగ్గర నేలకి రాసుకుపోయిందా? అది నాసిరకం గుడ్డ కాదు, చాలని సోల్.

అప్పర్‌లో చూడాల్సినవి ఇంకో రెండు మూడు ఉన్నాయి. గుడ్డ మీద అతికించిన ప్లాస్టిక్ పట్టీలు వేళ్ళ మొదళ్ళ మీదుగా అడ్డంగా పోతుంటే ఎంత మెత్తటి షూ అయినా అక్కడ పట్టేస్తుంది. నా తిమ్మిరి షూకి సరిగ్గా అదే చోట ఒక పట్టీ ఉండేది, అందానికి పెట్టారనుకున్నాను. లేసులు ఎక్కడ మొదలవుతున్నాయో చూడండి. వేళ్ళకి దగ్గరగా, కింది నుంచే మొదలైతే ముందు భాగం వదులు చేసుకునే వీలు ఎక్కువ. కొండదారుల షూలకి ముందువైపు రాళ్ళ దెబ్బ తగలకుండా రబ్బరు తొడుగు వేస్తారు, అది అసలు సాగదు. రోడ్డు మోడల్‌లో సరిపోయిన సైజే కొండదారి మోడల్‌లో బిగుతవడం అందుకే.

పెద్ద సైజు కొంటే పోలేదా

అందరూ మొదట చేసే పని ఇదే. పొడవు పెరిగితే వెడల్పూ కొంచెం పెరుగుతుంది కాబట్టి కొంత ఫలితం ఉంటుంది. గట్టి సోల్ ఉన్న షూలో అయితే నేను వద్దంటాను. షూ వంగే చోటు, పాదం వంగే చోటు తప్పిపోతాయి, వంపు కింద ఉండాల్సిన ఆసరా ముందుకి జరుగుతుంది. మెత్తటి పల్చటి షూ ఎక్కడపడితే అక్కడ వంగుతుంది కాబట్టి ఈ తప్పు అంతగా బాధించదు. అర సైజు పెద్దది వాడుకోవచ్చు. పూర్తి సైజు దాటితే ముందున్న ఖాళీ కొస నాలుకలా మడతపడి నేలకి తగులుతుంది, ముఖ్యంగా అలసిపోయి అడుగులు ఈడుస్తున్నప్పుడు. మోకాలి చిప్ప పగిలితే గానీ కొందరికి ఇది తెలియదు.

ఆడవాళ్ళకి ఇంకో దారి ఉంది: మగవాళ్ళ మోడల్. ఆడవాళ్ళ షూ బీ మీద, మగవాళ్ళ షూ డీ మీద కుడతారు కాబట్టి అదే పొడవులో ఎక్కువ వెడల్పు దొరుకుతుంది. అమెరికన్ సైజుల్లో సుమారు ఒకటిన్నర తగ్గించి చూసుకోవాలి. మడమ కాస్త వదులు కావచ్చు, దానికి లేసుల్లో మందుంది.

చాలా రన్నింగ్ షూలకి పైన, చీలమండ దగ్గర ఒక రంధ్రం ఎక్కువ ఉంటుంది. అదేదో పొరపాటున మిగిలిందని వదిలేస్తుంటాం. లేసుని పక్క రంధ్రంలోకి కాకుండా అదే వైపున్న ఆ రంధ్రంలోకి దూర్చి చిన్న ఉచ్చులా చేసి, రెండో వైపు లేసుని ఆ ఉచ్చులోంచి తీసి బిగిస్తే మడమ కదలకుండా కూర్చుంటుంది. మడమ అలా బిగిశాక ముందు భాగాన్ని ఎంత వదులు చేసినా షూ ఊడిపోదు. వేళ్ళ దగ్గరి మొదటి రంధ్రాల జత వదిలేసి రెండో జత నుంచి లేసు మొదలుపెడితే విసనకర్ర పాదానికి ఊపిరాడుతుంది. మీగాలు ఎత్తున్నవాళ్ళు నొప్పి పుట్టే చోట లేసుల్ని అడ్డంగా దాటించకుండా, ఆ ఒక్క మెట్టూ పక్కనుంచి నిలువుగా తీసుకెళ్ళాలి.

మేజోళ్ళ సంగతి మర్చిపోతుంటాం. వేలికో గది ఉన్న మేజోళ్ళు బొబ్బలకి మంచి విరుగుడే. కానీ నాలుగు సందుల్లో నాలుగు దుప్పట్లు దూర్చినట్టు అంతమేర వెడల్పు పెంచుతాయి. ఏ మేజోళ్ళతో పరిగెడతారో వాటితోనే షూ చూసుకోవాలి.

ఏ కంపెనీది ఎలా ఉంటుంది

మోడల్ మారితే అచ్చు మారుతుంది, ఒక మోడల్‌లోనే కొత్త వెర్షన్ వస్తే మారుతుంది. కాబట్టి దీన్ని దారి చూపించే మాటగానే తీసుకోండి.

ఆల్ట్రా కంపెనీ మడమకీ వేళ్ళకీ ఎత్తు తేడా లేకుండా, ముందు విశాలంగా చేయడంతో పేరు తెచ్చుకుంది. ఇప్పుడు స్లిమ్, స్టాండర్డ్, ఒరిజినల్ అని మూడు ఆకారాలు పెట్టింది. విసనకర్ర పాదానికి ఒరిజినల్ చూడాలి. అయితే వీటి సోల్ చాలావరకు 20 మిల్లీమీటర్లకి పైనే. ఆకారం వట్టి కాళ్ళది, మందం కాదు. పల్చదనం కంటే వేళ్ళకి చోటే ముఖ్యమనుకునేవాళ్ళకి ఇది ఇబ్బంది కాదు. టోపో అథ్లెటిక్ కూడా వేళ్ళ దగ్గర విశాలం, మధ్యలోనూ మడమ దగ్గరా పట్టి ఉంటుంది. మడమ సన్నగా ఉండే విసనకర్ర పాదాలకి నప్పుతుంది. దీన్ని స్థాపించిన టోనీ పోస్ట్ అంతకుముందు వైబ్రమ్ అమెరికా విభాగాన్ని నడిపినవాడు.

నిజంగా పల్చటివి కావాలంటే వివోబేర్‌ఫుట్, జీరో షూస్ వంటివి. మొదటిది క్లార్క్స్ చెప్పుల కుటుంబంలోని వారసులు మొదలుపెట్టింది. రెండోది 2009లో ఇంట్లోనే తాళ్ళు కట్టుకుని చేసుకునే చెప్పుల కిట్లతో మొదలైంది. రెండింటిలోనూ వేళ్ళకి చోటుంటుంది, మీగాలు ఎత్తున్నవాళ్ళు మాత్రం వేసి చూసుకోకుండా కొనకూడదు. మెరెల్ వేపర్ గ్లవ్ పేరుకి తగ్గట్టు చేతికి తొడుగులా ఒదిగేది, మొదటి రకం వెడల్పు పాదానికి మధ్యలో పట్టేయొచ్చు. ఫైవ్‌ఫింగర్స్ వెడల్పుని బాగానే తట్టుకుంటుంది గానీ అక్కడ సమస్య పొడవులది: ఒక్కో వేలూ దాని గదికి సరిపోవాలి, చిటికెన వేలు పొట్టిగా ఉంటే ఆ గది చివర ఖాళీగా మడతపడుతుంది.

ఇంకో దారి చెప్పులే. అడుగున పల్చటి రబ్బరు, పైన తాడు. మెక్సికోలోని రారామురి జనం ఇలాంటి హువారచేలతోనే కొండల్లో మైళ్ళకొద్దీ పరిగెడతారు. పక్క గోడలే లేని తొడుగులో వెడల్పు సమస్య ఎక్కడిది? సోల్ మాత్రం మీ కాగితం గీత కంటే నాలుగైదు మిల్లీమీటర్లు బయటికి ఉండాలి. బొటనవేలి సందులో తాడు రాపిడి మొదటి వారం ఏడిపిస్తుంది.

వెడల్పు దొరికింది కదా అని

1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఇథియోపియా రన్నర్ అబెబె బికిలా వట్టి కాళ్ళతో మారథాన్ పరిగెత్తి 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో గెలిచాడు. వట్టి కాళ్ళ పరుగుని మెచ్చుకునేవాళ్ళు ఈ కథ చెప్పకుండా ఉండరు. అక్కడ ఇచ్చిన షూస్ కాలికి సరిపడక, సాధనలో అలవాటైన వట్టి కాళ్ళే నయమనుకున్నాడన్నది కథలో చిన్న భాగమైపోతుంది. నాకు మాత్రం అది సైజు కుదరని షూ కథే. నాలుగేళ్ళ తర్వాత టోక్యోలో ఆయనే షూ వేసుకుని ఇంకా వేగంగా, 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లలో మళ్ళీ గెలిచాడు. సాధన ఉన్న పాదం అది.

మనకి ఆ సాధన లేదు. 2013లో అమెరికాలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 36 మంది అనుభవం ఉన్న రన్నర్లని తీసుకుని, వాళ్ళలో 19 మందిని పది వారాల్లో క్రమంగా ఫైవ్‌ఫింగర్స్‌కి మార్చారు. ఆ 19 మందిలో 10 మందికి పాదం ఎముకల మజ్జలో వాపు పెరిగినట్టు ఎంఆర్ఐలో తేలింది. పది వారాలు క్రమంగా మార్చినా ఇదీ సంగతి. షూ సరిగ్గా పట్టింది కదా, ఇంత హాయిగా ఉంది కదా అని మొదటి ఆదివారమే పది కిలోమీటర్లు పరిగెత్తకండి. ముందు రోజువారీ నడకకి వాడండి. లివర్‌పూల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2021లో ప్రచురించిన అధ్యయనంలో, ఆరు నెలలపాటు రోజువారీ పనులకి పల్చటి షూ వేసుకున్నవాళ్ళకి వేళ్ళ పట్టు బలం సుమారు 57 శాతం పెరిగింది. పరుగు లేకుండానే.

మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళు ఈ ప్రయోగాలు డాక్టర్‌ని అడక్కుండా చేయకూడదు. షూ కరుస్తోందని చెప్పాల్సిన నరాలే వాళ్ళకి చెప్పవు. షూ మార్చాక కూడా వేళ్ళ మధ్య తిమ్మిరో మంటో తగ్గకపోతే అది మోర్టన్స్ న్యూరోమా కావచ్చు. మూడో, నాలుగో వేళ్ళ మధ్య నరం చుట్టూ కణజాలం మందపడటమది. దానికి కావాల్సింది ఇంకో జత కాదు, పరీక్ష.

కొత్త జత రాగానే ట్యాగులు తీయకుండా ఇంట్లో గచ్చు మీద అరగంట తిరగండి. ఒంటికాలి మీద నిలబడి చూడండి, మెట్లు దిగండి, దిగేటప్పుడే వేళ్ళు ముందుకి తోసుకుంటాయి. తర్వాత ఇన్‌సోల్ తీసి దాని మీద నిలబడండి. అంచు దాటితే, ఎంత నచ్చినా, ఆ రోజే వెనక్కి పంపేయండి. వారం తర్వాత సర్దుకుంటుందేమోనని ఉంచుకుంటే రిటర్న్ గడువు దాటిపోతుంది. అలా మిగిలిపోయినవి నా దగ్గర రెండు జతలున్నాయి, మొక్కలకి నీళ్ళు పోసేటప్పుడు వేసుకుంటున్నాను.